పని తెలిసినోడు, కాగితం ఉన్నోడు: వేడి, చల్లదనం వృత్తుల లైసెన్సు నిబంధనలపై ఒక విమర్శ

నైపుణ్యానికి కులం లేదని చెప్పేవాళ్లకు మన విశ్వవిద్యాలయాల్లో కొదవ లేదు. మార్కెట్టు పనితనం చూస్తుంది గాని కులం చూడదని సరళీకరణ పండితులు అంటారు. యంత్రం ముందు నిలబడ్డాక అందరూ కార్మికులేనని ఎర్రజెండా మిత్రులు అంటారు. వీళ్లిద్దరికీ అన్ని విషయాల్లోనూ తగాదానే, ఒక్క విషయంలో తప్ప. పనికీ పనివాడికీ మధ్య అడ్డంగా ఒక కాగితం ఉంటుంది. సర్టిఫికెట్టు అనండి, పర్మిట్టు అనండి, లైసెన్సు అనండి. ఆ కాగితాన్ని ఇద్దరూ చదవరు. మేము ఈ వ్యాసంలో చదవదలచుకున్నది దాన్నే.

నిబంధనలు చదవడం కూడా విమర్శేనా అని సాహిత్యం చదువుకునే మిత్రులు అడగవచ్చు. మనుస్మృతి ఏమిటి మరి, నిబంధనావళి కాదా? ఎవడు ఏ పని చెయ్యాలో, ఏ పని ముట్టకూడదో రాసిన పుస్తకాన్ని 1927లో మహద్‌లో తగలబెట్టిన వాళ్ల వారసులం మనం. ఇవాళ ఎవడు ఏ పనికి అర్హుడో రాస్తున్న కాగితాన్ని చదవకుండా ఎట్లా వదిలేస్తాం?

ఏసీ, ఫ్రిజ్ మెకానిక్కు పనిని మేము ఎంచుకోవడానికి కారణం ఉంది. దానికి తాతల నాటి కులం లేదు. ఊళ్లో వేడికి సంబంధించిన జ్ఞానమంతా కులాల వారీగా పంచిపెట్టి ఉంది. కొలిమి కమ్మరిది. ఆ కొలిమిని ఊదే తిత్తికి తోలు మాదిగది. తోలు ఊనిన చెయ్యి తిత్తికి పనికొస్తుంది గాని ఇనుము మీద సుత్తి పట్టడానికి పనికిరాదు. ఎంత సెగకు డప్పు బిగుస్తుందో, ఎంత సెగకు చర్మం చిట్లుతుందో చెవితో విని చెప్పగలిగినవాడి తెలివిని ఎవరూ సాంకేతిక జ్ఞానం అనలేదు. కంప్రెసరుకు ఇట్లాంటి పుట్టుక లేదు. అది వచ్చేనాటికి దాన్ని బాగుచేసే కులం అంటూ ఒకటి తయారై లేదు. 1950లో మొదలైన క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీము కింద నడిచే ఐటిఐల్లో ఇది రెండేళ్ల ట్రేడు. పదో తరగతి గట్టెక్కితే చేరొచ్చు. డిగ్రీ దాకా చదివించే స్తోమతు లేని మాల మాదిగ ఇళ్లలో పిల్లవాడు కులవృత్తి తప్పించుకోవడానికి కనిపించే నాలుగైదు దారుల్లో ఇదొకటి. మరి కులం లేకుండా పుట్టిన ఈ పనిలోకి కులం ఏ దారిన వస్తుంది? మా ప్రశ్న ఇదే.

ఒక దారి అందరికీ తెలిసిందే. ఏసీ ఉండేది బెడ్‌రూములో. షాపులో ఉస్తాద్ అడగని పేరు, ఇంటిపేరు, ఊరు ఇంటావిడ అడుగుతుంది. దీని మీద కథలు వచ్చాయి, ఇంకా రావాలి. మేము మాట్లాడేది రెండో దారి గురించి. అది కనపడదు, ఎందుకంటే దాంట్లో కులం అనే మాటే రాసి ఉండదు.

మన దగ్గర ఇళ్లలో ఏసీ బాగుచేసేవాడికి లైసెన్సు తప్పనిసరి చేసే కేంద్ర చట్టం ఏదీ లేదు. కాని ఆ పనికి రెండు అంచులున్నాయి, రెండు అంచుల దగ్గరా కాగితం కాపలా ఉంది. ఒక అంచు కరెంటు. 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్సులో 45వ రూలు ప్రకారం వైరింగు పనిని లైసెన్సున్న కాంట్రాక్టరే చేయించాలి. యోగ్యతా పత్రం ఉన్న సూపర్‌వైజరు చూస్తుండాలి. చేసేవాడికి పర్మిట్టు ఉండాలి. తర్వాత 2010లో, మళ్లీ 2023లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు వచ్చినా పద్ధతి మారలేదు. ఈ మూడు మెట్లూ వరసగా చదివి చూడండి. చేయించేవాడు, చూసేవాడు, చేసేవాడు. రిక్షా తొక్కేవాడి పేరు ఒకటి, రిక్షా యజమాని పేరు ఇంకొకటి అయినట్టు ఇక్కడ కూడా చేతులొకరివి, లైసెన్సొకరిది.

రెండో అంచు ఆవిరి. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో ఇప్పుడు 2025 చట్టం వచ్చింది. బాయిలరు దగ్గర సర్టిఫికెట్టున్న అటెండెంటు ఉండాలి, దాంట్లో మొదటి తరగతి, రెండో తరగతి. ఆ పరీక్షకు కూర్చోవాలంటే బాయిలరు మీద పనిచేసిన అనుభవం చూపాలి. ఆ అనుభవం ఉందని రాసిచ్చేది ఎవరు? మిల్లు యజమాని.

ఇక్కడ కాస్త ఆగాలి. గోదావరి జిల్లాల్లో ఉప్పుడు బియ్యం మిల్లుల్లో వడ్లు ఉడికేది ఆవిరితో, ఆ ఆవిరి పుట్టేది ఊకతో. ఆ ఊకను గంపలతో మోసి పొయ్యిలో పోసే మా బంధువొకాయన ఏళ్ల తరబడి ఒకే మిల్లులో పనిచేశాడు. మంట ఎర్రగా ఉంటే ఏమిటో, తెల్లబడితే ఏమిటో, ప్రెషరు ముల్లు ఎక్కడుంటే ఎవరిని కేకెయ్యాలో ఆయనకు తెలుసు. పరీక్ష రాయకపోయావా అని మేము అడిగితే నవ్వాడు. "కాయితం ఏంట్రా అబ్బాయ్, మస్తర్లో నా పేరు కూలీ అని ఉంటే!" అన్నాడు. మా చదువుల్లో చాలా పుస్తకాలు చెప్పని సంగతి ఆ ఒక్క మాటలో ఉంది. నిబంధన ఆయన్ని ఆపలేదు. నీది ఫలానా కులం కాబట్టి పరీక్షకు రావద్దని ఎవరూ అనలేదు. మస్తర్లో ఫైర్‌మన్ అని రాయకుండా కూలీ అని రాశారు, అంతే. ఆయన చేసిన పని అనుభవం కాకుండా పోయింది. సర్టిఫికెట్టు కోసం చూపాల్సిన సర్వీసు ఆయన చేతుల్లో ఉంది గాని పుస్తకంలో లేదు.

ఇది కులం ఉన్న మన దేశపు రోగమేనని, లైసెన్సు పద్ధతికి ఏ పాపమూ తెలియదని ఎవరన్నా అనవచ్చు. అందుకే ఇదే వృత్తుల్లో అమెరికాలో ఏం జరిగిందో చూడాలి. 1972లో బొంబాయిలో కుర్రాళ్లు తమను తాము దళిత్ పాంథర్స్ అని పిలుచుకున్ననాటి నుంచి మనకు నల్లజాతి పోరాటంతో చుట్టరికం ఉంది. అయితే మనం వాళ్ల కవిత్వం చదివాం, ఆత్మకథలు చదివాం, వాళ్ల లైసెన్సు బోర్డుల చరిత్ర మాత్రం చదవలేదు.

అక్కడ పద్ధతి వేరు. ఓజోను పొరను దెబ్బతీసే గ్యాసుల విషయంలో దేశమంతటికీ ఒక పరీక్ష ఉంది. 1990లో సవరించిన క్లీన్ ఎయిర్ చట్టంలో 608వ సెక్షను ప్రకారం 1994 నుంచి గ్యాసు ముట్టుకునే ప్రతి మెకానిక్కూ అది పాసవ్వాలి. ఆ పరీక్షకు అనుభవం అక్కర్లేదు, ఎవరి సిఫారసూ అక్కర్లేదు. ఎవడైనా వెళ్లి రాయొచ్చు, పాసైతే ఆ సర్టిఫికెట్టుకు గడువు కూడా లేదు. అక్కడితో అయిపోతే బాగుండేది. దాని పైన ప్రతి రాష్ట్రానిదీ ఒక తీరు, చాలా చోట్ల ప్రతి నగరానిదీ ఒక తీరు. న్యూయార్క్, పెన్సిల్వేనియా లాంటి రాష్ట్రాలు ఏసీ, హీటింగు పనివాళ్లకు రాష్ట్రమంతటికీ ఒక లైసెన్సు పెట్టకుండా ఊళ్లకే వదిలేశాయి. న్యూయార్క్ నగరంలో పెద్ద శీతలీకరణ యంత్రాలు నడిపేవాడికి సర్టిఫికెట్టు ఇచ్చేది అగ్నిమాపక శాఖ. ఇట్లాంటి స్థానిక లైసెన్సులు చాలా వరకు అడిగేది ఏమిటంటే, నువ్వు ఎవరి కింద ఎన్నేళ్లు చేశావు? దేశపు పరీక్ష నీకేం తెలుసు అని అడుగుతుంది. ఊరి లైసెన్సు నువ్వెవరి మనిషివి అని అడుగుతుంది. ఈ రెండు ప్రశ్నలకూ మధ్య ఉన్న దూరంలోనే నల్లవాళ్ల చరిత్ర పడి ఉంది.

దాన్ని దాచిపెట్టుకోను కూడా లేదు వాళ్లు. 1905లో వర్జీనియాలోని డాన్‌విల్ నుంచి ఒక తెల్ల ప్లంబరు తన యూనియను పత్రికకు ఉత్తరం రాశాడు. స్టీమ్ ఫిట్టర్లు కూడా ఉన్న యూనియనే అది. మా ఊళ్లో నల్ల ప్లంబర్లు చిల్లర రిపేర్లు చేస్తున్నారు, పరీక్ష బోర్డు లేకపోవడం వల్ల ఆపలేకపోతున్నాం, రాష్ట్రపు ప్లంబింగు చట్టం అమలైతే వాళ్లు ఈ వృత్తిలో మిగలరు అన్నది దాని సారాంశం. ప్రజల ఆరోగ్యం కోసమని చెప్పే చట్టం లోపలి మాట ఇది. మన దగ్గర ఇంత నిజాయితీగా రాసిన ఉత్తరం దొరకదు. ఇక్కడ రాయాల్సిన అవసరమే లేదు కదా.

న్యూ ఆర్లీన్స్‌లో లోకల్ 53 అని ఒక సంఘం ఉండేది. ఆవిరి గొట్టాలకు, శీతల గొట్టాలకు పైపూత వేసి వేడి పోకుండా, చల్లదనం పోకుండా చేసే పనివాళ్లది. ఆ పనిలోకి రావాలంటే సభ్యుడి కొడుకై ఉండాలి, లేదా వాళ్లింట్లో కొడుకులా పెరిగిన దగ్గరి బంధువై ఉండాలి. ఆపైన సభ్యుల సిఫారసు, రహస్య ఓటు. ఈ నియమంలో రంగు అనే మాట ఎక్కడా లేదు. ఉండక్కర్లేదు. సభ్యులంతా తెల్లవాళ్లయితే వాళ్ల కొడుకులు ఏ రంగులో పుడతారు? 1964 పౌరహక్కుల చట్టం కింద ఈ కొడుకుల నియమం చెల్లదని 1969లో అయిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. తండ్రి పని కొడుక్కి అనే సూత్రాన్ని మనం కులవృత్తి అంటాం, అక్కడ యూనియను నియమం అన్నారు. కులానికి పుట్టుకే ప్రమాణం అని మనకు చెప్పే సమాజశాస్త్ర ఆచార్యులు ఈ తీర్పును పాఠంగా పెడితే బాగుండు.

అదే 1969లో ఫిలడెల్ఫియా ప్లాను వచ్చింది. ప్రభుత్వ డబ్బుతో కట్టే కట్టడాల్లో స్టీమ్ ఫిట్టర్లు, ప్లంబర్లు, రేకు పనివాళ్లు మొదలైన ఆరు వృత్తుల్లో మైనారిటీలను ఇంతమందిని తీసుకుంటామని కాంట్రాక్టరు ముందే లక్ష్యం చెప్పాలి. ఎందుకంటే ఆ నగరంలో స్టీమ్ ఫిట్టర్ల యూనియన్లో మైనారిటీలు నూటికి ఒక్కరు కూడా లేరు. కాంట్రాక్టర్లు కోర్టుకెక్కారు, 1971లో ఓడిపోయారు.

అన్నిటికన్నా మనం నేర్చుకోవాల్సింది న్యూయార్క్ లోకల్ 28 కేసు నుంచి. గాలి, వేడి, చల్లదనం భవనమంతా తిరిగే డక్టుల రేకు పని వీళ్లది. 1964లో రాష్ట్ర మానవ హక్కుల కమిషను విచారించి, ఈ సంఘంలో అప్పటిదాకా ఒక్క నల్ల సభ్యుడు గాని నల్ల అప్రెంటిస్ గాని లేడని, సభ్యుల బంధువర్గం సిఫారసు మీదే అప్రెంటిస్‌షిప్పు నడుస్తోందని తేల్చింది. సరే, ఇకనుంచి సిఫారసు కాదు, పరీక్ష పెట్టమన్నారు. పెట్టారు. అప్పుడు యూనియను ఏం చేసిందో తెలుసా? సభ్యుల పిల్లలకు, బంధువులకు యూనియను డబ్బుతో కోచింగు పెట్టించింది. పని ఎక్కువై మనుషులు చాలనప్పుడు బయటి ఊళ్ల తెల్ల కార్మికులకు తాత్కాలిక పర్మిట్లు ఇచ్చింది, రిటైరైన ముసలివాళ్లను వెనక్కి పిలిచింది, నగరంలో ఉన్న నల్ల కార్మికుణ్ణి మాత్రం పిలవలేదు. ప్రతిభ అనే మాట వినగానే మనకు ఈ కోచింగు గుర్తుకు రావాలి.

1975లో జిల్లా కోర్టు 29 శాతం శ్వేతేతర సభ్యత్వం లక్ష్యంగా పెట్టింది. యూనియను పాటించలేదు. 1982లో కోర్టు ధిక్కారం కింద లక్షా యాభై వేల డాలర్ల జరిమానా, 1983లో మళ్లీ ధిక్కారం. చివరికి 1986 జూలైలో సుప్రీంకోర్టు ఆ లక్ష్యాన్ని సమర్థించింది. కమిషను తేల్చిన నాటి నుంచి ఇరవై రెండేళ్లు! ఒక్క నగరంలో, ఒక్క వృత్తిలో, ఒక్క సంఘం తలుపు తెరవడానికి.

ఈ చరిత్రంతా చదివి అమెరికాలో కొందరు మార్కెట్టువాదులు ఒక నిర్ణయానికి వచ్చారు. లైసెన్సులే అసలు దోషి, వాటిని ఎత్తేస్తే నల్లవాడికి దారి దొరుకుతుంది అంటారు. డాన్‌విల్ ఉత్తరాన్ని వాళ్లే ఎక్కువగా ఉదహరిస్తారు. మన దగ్గర కూడా ఈ వాదం వినపడుతోంది. మేము దీన్ని ఒప్పుకోము, రెండు కారణాల వల్ల.

మొదటిది ప్రాణం. కోల్డ్ స్టోరేజీల్లో తిరిగే అమోనియా లీకైతే ఊపిరి ఆగిపోతుంది. ఇప్పుడు ఏసీల్లో వస్తున్న ఆర్-290 అంటే ప్రొపేనే, అంటుకునే గ్యాసు. మూడో అంతస్తు సజ్జ మీద తాడు కూడా లేకుండా నిలబడి అవుట్‌డోర్ యూనిట్ బిగించేది హెల్పరు. బ్రేజింగు మంట దగ్గర వంగి ఉండేదీ వాడే. నిబంధన లేకపోతే ముందు చచ్చేది వాడు. రక్షణ నిబంధన మనకు శత్రువు కాదు.

రెండో కారణం ఇంకా ముఖ్యమైంది. బొంబాయి బట్టల మిల్లుల్లో నేత ఖాతాకు ఏ లైసెన్సు బోర్డు ఉంది? ఏదీ లేదు. అయినా అక్కడికి దళితుణ్ణి రానివ్వలేదు. నాడెలో దారం తెగితే నోటితో పీల్చి తీయాలి, అంటరానివాడి ఎంగిలి మాకు తగులుతుందని సవర్ణ కార్మికులు ఒప్పుకోలేదు. మంచి కూలి దొరికే ఖాతా అది. 1928 సమ్మె రోజుల్లో అంబేడ్కర్ ఈ సంగతిని కార్మిక నాయకుల ముందు పెట్టారు. కాగితం లేని చోట ఎంగిలి కాపలా కాసింది. కులానికి లైసెన్సు దొరికితే వాడుకుంటుంది, దొరక్కపోతే ఇంకోటి వెతుక్కుంటుంది. ఇంకో సంగతి కూడా ఉంది. రిజర్వేషను పట్టు దొరికేది కాగితం ఉన్న చోటే. ఐటిఐ సీటులో ఉంది, 1973లో సవరించాక అప్రెంటిస్‌ల చట్టంలో ఉంది, రైల్వే ఉద్యోగంలో ఉంది. షాపులో హెల్పరుగా చేరే చోట ఏ రోస్టరూ లేదు. కాగితాన్ని చించెయ్యమనేవాడు రోస్టరును కూడా చించుతున్నాడని మనం గుర్తించాలి.

కాబట్టి ప్రశ్న కాగితం ఉండాలా వద్దా అని కాదు. దాని మీద ఎవడి సంతకం అని.

ఈ వెలుగులో మన ప్రభుత్వం చేస్తున్న పనిని చూద్దాం. 2019 మార్చిలో ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ విడుదలైంది. 2022-23 నాటికి లక్షమంది ఏసీ, ఫ్రిజ్ మెకానిక్కులకు శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్లివ్వాలన్నది దాంట్లో ఒక లక్ష్యం. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనతో కలిపి చేస్తామన్నారు. ఆ యోజనలో, ముందే పని నేర్చుకున్నవాడికి కొద్ది రోజుల శిక్షణ, తర్వాత పరీక్ష పెట్టి సర్టిఫికెట్టు ఇచ్చే పద్ధతి ఉంది. సూత్రంగా చూస్తే మేము కోరేది ఇదే. యజమాని రాసిచ్చే ఉత్తరం కాదు, నీ చేతిలో ఉన్న పనే నీకు సాక్ష్యం. గ్యాసు ఎట్లా నింపుతావో చూపించు, ఫ్లేరింగు చేసి చూపించు, పాసవ్వు.

మరి ఆ కాగితం పట్టుకుని ఎక్కడికి వెళ్లొచ్చు? రైల్వేలో రిఫ్రిజిరేషన్ టెక్నీషియను ఉద్యోగ ప్రకటనలు తీసి చూడండి. పదో తరగతితో పాటు ఎన్‌సివిటి, ఎస్‌సివిటి ఐటిఐ కావాలి, లేదంటే అప్రెంటిస్‌షిప్పు పూర్తి చేసిన సర్టిఫికెట్టు. పనితనం చూసి ఇచ్చిన కాగితం అక్కడ చెల్లదు. అంటే కాగితాల్లోనే రెండు జాతులు పుట్టాయి. ఒకటి పింఛను వచ్చే ఉద్యోగానికి తీసుకుపోతుంది. ఇంకోటి ఫ్రేము కట్టించి షాపు గోడకు తగిలించుకోవడానికి. గుడిలోకి రానిచ్చారు, గర్భగుడి తలుపు మాత్రం అట్లాగే ఉంది. పదో తరగతి మధ్యలో బడి మానేసి పనిలో పడ్డ పిల్లల్లో మనవాళ్లు ఎంతమందో మన వాడల్లో తిరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పదిహేనేళ్లు కంప్రెసర్లు విప్పి బిగించినవాడు, నిన్న ఐటిఐ నుంచి వచ్చిన సూపర్‌వైజరుకు పని నేర్పుతూ అతని కిందే హెల్పరుగా ఉండడం మనం చూస్తున్నదే.

లోకల్ 28 కేసులో కోర్టు చేసిన ఇంకో పనిని మన విధానకర్తలు గమనించలేదు. జరిమానా డబ్బును ఖజానాలో వెయ్యలేదు. ఒక నిధిగా పెట్టి, శ్వేతేతర అప్రెంటిస్‌లకు ట్యూషన్లు, సలహాలిచ్చే మనుషులు, అదనంగా అప్రెంటిస్‌ను పెట్టుకోలేని యజమానికి సాయం, మొదటి సంవత్సరం అప్రెంటిస్‌కు తక్కువ వడ్డీ అప్పు ఏర్పాటు చేయించింది. అడ్డం పడ్డవాడి డబ్బుతోనే అడ్డం తొలగించమంది. మొదటి సంవత్సరమే ఎందుకు? కూలి మానుకుని పని నేర్చుకునే ఆ ఏడాదిలోనే పేదవాడు వెనక్కి తిరిగిపోతాడు. మన ఐటిఐల్లో స్కాలర్‌షిప్పు ఎప్పుడొస్తుందో తెలియని కుర్రాడు గేజీలు, కటింగు టార్చీ కొనలేక మధ్యలో మానేస్తే రిజిస్టర్లో డ్రాపౌట్ అని రాస్తారు. కూలీ అన్న మాటలాగే ఇదీ ఒక మాట.

2025 బాయిలర్ల చట్టం నియమాలు చేసే అధికారాన్ని కేంద్రానికీ రాష్ట్రాలకూ ఇచ్చింది. చల్లదనం పనికి సర్టిఫికెట్టు తప్పనిసరి చెయ్యాలనే మాట కూడా నడుస్తోంది. ఆ నియమాల్లో అనుభవం అనే గడి ఒకటి ఉంటుంది. యజమాని లెటర్‌హెడ్ ఒక్కటే కాకుండా పిఎఫ్, ఇఎస్ఐ చీటీలు, తోటి పనివాళ్ల వాంగ్మూలం, యూనియను ఉత్తరం, అన్నిటికీ మించి అధికారి కళ్లముందు చేసి చూపించే పరీక్ష, వీటిలో ఏది ఉన్నా ఆ గడి నిండాలి. మస్తర్లో ఏ పని రాశారో పనివాడికి చూపించి, అతని సంతకం తీసుకోవాలి. మిల్లులో ఊక పోసేవాణ్ణి ఊక పోసేవాడనే రాయాలి.